అంగుళం మాస్టారి మనవరాలు నేల దిగిన వైనం

నా నోరు మంచిది కాదని మా వీధిలో అందరికీ తెలుసు. అందుకని ముందే చెప్పేస్తున్నాను, ఎవర్నో నెత్తిన పెట్టుకుని ఊరేగించడానికి ఈ కథ చెప్పడం లేదు. అంగుళం మాస్టారంటే నాకు ఎంత గౌరవమో, ఆయన మొండితనమంటే అంత ఒళ్ళుమంట. ఏళ్ళ తరబడి ఆయన కుట్టుకొట్టూ, బొత్తాలూ లేసులూ దారపుండలూ అమ్మే నా కొట్టూ ఒకే గోడకి అటొకటీ ఇటొకటీగా ఉన్నాయి. ఆయన మిషను తొక్కితే నా అరల్లో బొత్తాల సీసాలు గలగలమంటాయి. ఆయన తుమ్మితే నేను చల్లగా ఉండమంటాను. అంత దగ్గర.

మాస్టారు చిన్నపిల్లల బట్టలు తప్ప కుట్టడు. చిన్నతనంలో మేనమామ కొట్టులో కాజాలు కుట్టి పని నేర్చుకున్నాడట. తర్వాత కొన్నాళ్ళు పెద్దవాళ్ళకీ కుట్టి, విసుగొచ్చి మానేశాడు.

"పెద్దవాళ్ళు అబద్ధాలాడతారు చెల్లెమ్మా. కొలత తీసేటప్పుడు పొట్ట లోపలికి పీల్చుకుంటారు. బట్ట బిగుతైందని తర్వాత నన్ను తిడతారు. పసివాళ్ళకి ఆ మాయలు తెలీవు" అనేవాడు.

ఏ గౌను కుట్టినా, ఏ పైజామా కుట్టినా అంచు లోపలికి ఒక అంగుళం గుడ్డ మడిచి పెట్టడం ఆయన పద్ధతి. పిల్ల ఎదిగితే కొత్తది కొనక్కర్లేదు, ఆ కుట్టు విప్పుకుంటే చాలు. అలా అంగుళం మాస్టారయ్యాడు. పిల్లల ఎదుగుదల గురించి ఆయన మాట్లాడటం మొదలుపెడితే నా కొట్టుకొచ్చిన వాళ్ళు కూడా అటు వెళ్ళి నిలబడేవారు. పుట్టిన పిల్ల పొడుగులో నాలుగోవంతు తలే ఉంటుంది, తల ముందే పెరిగి కూర్చుంటుంది, కాళ్ళు వెనక బయలుదేరి తర్వాత దాన్ని అందుకుంటాయి, కాబట్టి మెడ దగ్గర గుడ్డ వదలడం దండగ, కాళ్ళ దగ్గరే వదలాలి అని చెప్పేవాడు. మొదటి ఏడాది పెరిగినట్టు మనిషి మళ్ళీ జన్మలో పెరగడు, ఆ ఏడాది గౌను కుట్టి గుండీ పెట్టేలోపే బిగుతైపోతుంది అని నవ్వేవాడు. నిజమే. కాకపోతే ఆయన ఎరిగిందంతా నిలబడ్డ పిల్లల సంగతి. మెడలోంచి టేపు తియ్యగానే ఆయన నోట వచ్చే మొదటి మాట "కదలకు".

ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. కొడుకు సరుకుల వ్యాను నడుపుతాడు, పొద్దున వెళ్ళినవాడు పొద్దుగూకాకే వస్తాడు. కోడలు మామగారి పక్కనే కూర్చుని ఓవర్‌లాక్ మిషను మీద అంచులు కుడుతుంది. నోట్లో నాలుక లేని పిల్ల అనుకునేవాళ్ళం అందరం. అదెంత తప్పో తర్వాత తెలిసింది.

ఆ కోడలికి ఆడపిల్ల పుట్టింది. చూడటానికి వెళ్ళాను. గుండ్రటి మొహం, అందులో రెండు చిన్న కళ్ళూ రెండు ముక్కుపుటాలూ. "ఇదేమిటి, అచ్చం నా కొట్టులో నాలుగు కన్నాల బొత్తాంలా ఉంది!" అన్నాను. మాస్టారికి కోపం వచ్చింది గానీ పేరు మాత్రం అతుక్కుపోయింది. వారం తిరిగేసరికి ఆయనే "మా బొత్తాం పాలు తాగిందా?" అని అడుగుతున్నాడు.

కుట్టుకొట్టు నేల ఎలాంటిదో కుట్టేవాళ్ళకే తెలుసు. విరిగిన మిషను సూదులు, జారిపడ్డ గుండుసూదులు, బ్లేడు ముక్కలు, అన్నీ దుమ్ములోనూ దారాల్లోనూ కలిసి ఉంటాయి. ఎంత ఊడ్చినా పగుళ్ళలో దాక్కుంటాయి. మాస్టారి కొడుకు పాకే వయసులో ఒక విరిగిన సూదిముక్క వాడి మోకాల్లో దిగబడింది. పైకి చుక్క నెత్తురు కూడా లేదు. పిల్లాడు ఏడుస్తూనే ఉన్నాడు, ఎందుకో ఎవరికీ తెలియదు. కాలు వాచాక ఆసుపత్రికి ఎత్తుకు పరిగెత్తితే కోసి తీశారు. కొడుకు మోకాలి మీద ఆ గాటు ఇప్పటికీ ఉంది. తన ఇంట్లో ఇంకే పసిబిడ్డా ఆ నేల మీద దిగడానికి వీల్లేదని మాస్టారు ఆనాడే తీర్మానించుకున్నాడు.

ఆ తీర్మానం బొత్తాం మీద పడింది. పిల్ల ఉంటే ఉయ్యాల్లో, లేదంటే ఒళ్ళో, లేదంటే కటింగు బల్ల మీద తాత కళ్ళెదుట. కూర్చోబెట్టే వయసు రాగానే పెద్ద వెదురుబుట్ట నిండా మెత్తటి గుడ్డపీలికలు పోసి అందులో కూర్చోబెట్టారు. చంకల దాకా పీలికలే. పక్కకి ఒరిగితే పీలికలు పట్టుకుంటాయి, వెనక్కి వాలితే పీలికలు పట్టుకుంటాయి. అందులో కూర్చుని ఆ పిల్ల బొటనవేలూ చూపుడువేలూ కలిపి పీలికల్లోంచి ఒక్కొక్క దారప్పోగూ లాగుతుంటే చూడముచ్చటగా ఉండేది. "చూశావా చెల్లెమ్మా, పుట్టుటైలరు!" అని మాస్టారు మురిసిపోయేవాడు. కొట్టుకొచ్చిన ప్రతి మనిషీ దాన్ని ఎత్తుకునేవాళ్ళే, నాతో సహా. బుట్టలోంచి తీస్తే చంక, చంకలోంచి దించితే బుట్ట.

ఎదురుగా ఇస్త్రీబండి ఆవిడ మనవడు బొత్తాం కంటే తర్వాత పుట్టాడు. ఆ వెధవ గోడ పట్టుకుని నడిచొచ్చి నా కొట్టులో లేసుచుట్టలు లాక్కుపోవడం మొదలుపెట్టాడు. నేను వాణ్ణి అదిలిస్తూ, అదిలిస్తూనే బొత్తాం వైపు చూశాను. ఏడాది దాటి రెండు నెలలైంది. పాకదు. బోర్లా పడదు. నిలబెడదామని బల్ల మీద పాదాలు ఆనిస్తే వేడి తగిలినట్టు రెండు కాళ్ళూ పైకి మడిచేసుకుంటుంది.

నాకెందుకు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు చేతకాదు గానీ ఊరుకున్నాను. ఒకరోజు కోడలే వచ్చింది, తెల్లదారం కావాలని. దారం చేతికిచ్చినా కదల్లేదు.

"పిన్నిగారూ, మీరు నిజం చెప్పండి. దీని కాళ్ళల్లో ఏమైనా ఉందంటారా?"

"మీ మావయ్యేమంటున్నాడు?"

"తొందరేముంది, కాళ్ళు ఆలస్యంగా పెరుగుతాయి అంటున్నారు. ఈయనేమో నాన్న చెబితే సరే అంటున్నారు. నాకు మాత్రం రోజూ పొద్దున లేవగానే గుండెల్లో రాయి పడుతోంది. ఇస్త్రీ అత్త మనవణ్ణి చూసినప్పుడల్లా ఏడుపొస్తోంది పిన్నీ. పాపం ఆ పిల్లాడేం చేశాడు, వాణ్ణి చూస్తే నాకు కోపం వస్తోంది."

అంతసేపు ఆ పిల్ల మాట్లాడగా వినడం అదే మొదలు. నేను కొట్టుకి తాళం వేసి ఆమెతోనే వెళ్ళి, మిషను తొక్కుతున్న మాస్టారి ముందు నిలబడి, "రేపు పిల్లల డాక్టరు దగ్గరికి వెళుతున్నాం. వస్తే రా, లేకపోతే మిషను తొక్కుకో" అన్నాను. ఆయన నోట్లో గుండుసూదులున్నాయి. అవి తీసి ఏదో అనేలోపు వచ్చేశాను. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, వాదన పెట్టుకుంటే తెమలదు.

వచ్చాడు. మెడలో టేపుతోనే వచ్చాడు.

డాక్టరమ్మ చిన్నదే గానీ నిదానస్తురాలు. బొత్తాం కాళ్ళు మడిచి చూసింది, చాచి చూసింది, తుంటి తిప్పి చూసింది, మోకాలి కింద చిన్న సుత్తితో తట్టింది. బల్ల మీద ఒక పూస పెట్టింది. బొత్తాం రెండు వేళ్ళతో టక్కున తీసింది. డాక్టరమ్మ నుదురు ముడిపడింది. బోర్లా పడుకోబెడితే పిల్ల కాసేపు తల ఎత్తి, కప్పు ఎగిరిపోయేలా ఏడుపు లంకించుకుంది.

"పాప రోజంతా ఎక్కడ ఉంటుందండీ?" అని అడిగింది డాక్టరమ్మ.

మాస్టారు నిటారుగా కూర్చున్నాడు. "కాలు కింద పెట్టనివ్వలేదమ్మా. పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కరోజు, ఒక్క నిమిషం నేల మీద దించలేదు" అన్నాడు. మెచ్చుకుంటుందనుకున్నాడు పాపం.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. ఎందుకని అడిగింది. సూదుల సంగతి, కొడుకు మోకాలి సంగతి అంతా విన్నది. ఆవిడ తిట్టలేదు. నేనైతే తిట్టేదాన్ని.

"మీ భయం అర్థమైంది తాతగారూ. కానీ ఒక సంగతి చెబుతాను వినండి. పిల్లలకి ఒంటి మీద పట్టు పైనుంచి కిందికి దిగుతుంది. ముందు మెడ నిలబడుతుంది, తర్వాత భుజాలు, వీపు, నడుము, ఆఖర్న కాళ్ళు. అలాగే ఒంటి మధ్యనుంచి చివర్లకి పోతుంది, ముందు చెయ్యంతా ఊపుతారు, తర్వాత గుప్పిట, తర్వాత వేళ్ళు. వరస దాదాపు అందరికీ అదే, వేగం మాత్రం ఎవరిది వాళ్ళది. ఒకళ్ళు పదో నెలలో నడుస్తారు, ఒకళ్ళు పదిహేనో నెలలో. దాంతో నాకు బెంగ లేదు. మీ పాపకి మెడ బాగుంది, వేళ్ళు చాలా బాగున్నాయి. నడుమూ తుంటీ కాళ్ళూ పనిచెయ్యాల్సిన అవసరమే దానికి రాలేదు. దాని బరువు బుట్ట మోసింది, మీరు మోశారు. వయసొస్తే చాలదండీ, ఆ వయసులో చేసి చూసుకునే చోటు కూడా ఉండాలి."

"అయితే ఒక వాకరు కొనేద్దాం, అందులో నిలబెడితే సరి" అన్నాను నేను, ఉండబట్టలేక.

"వద్దండీ. అందులో వేలాడుతూ కాలివేళ్ళతో నెట్టుకోవడం తప్ప ఏమీ నేర్చుకోదు. పైగా దొర్లిపడితే ప్రమాదం. నేల చాలు. ఖాళీ నేల."

నోరు మూసుకున్నాను. నా జీవితంలో అలాంటి సందర్భాలు తక్కువ.

"అయితే జబ్బేం లేదు కదమ్మా?" అని కోడలు అడిగింది.

"ఇప్పుడే చెప్పలేనమ్మా. అబద్ధం చెప్పి పంపించలేను. రెండు నెలలు నేల మీద వదలండి, బోర్లా పడుకోనివ్వండి, దొర్లనివ్వండి. మీరూ దానితోపాటు కింద కూర్చోండి. రెండు కాళ్ళూ సమానంగా వాడుతూ, ఏదో ఒకటి పట్టుకుని తనంతట తనే లేచి నిలబడిందనుకోండి, ఇంక ఏ పరీక్షా అక్కర్లేదు. అలా జరక్కపోతే నరాల పరీక్షలకి పెద్దాసుపత్రికి రాసిస్తాను."

ఇంటికి రాగానే మాస్టారు పిల్లని బుట్టలో కూర్చోబెట్టి మిషను ముందు కూర్చున్నాడు.

"ఈ నేల మీద దించమంటుందా ఆ డాక్టరమ్మ? ఈ నేల మీదా? దాని తల్లో ఏముందో గానీ మన నేలలో ఏముందో దానికేం తెలుసు? నా వల్ల కాదు" అన్నాడు.

కోడలు గుమ్మంలోనే నిలబడి ఉంది. ఎప్పుడూ తలెత్తని పిల్ల తలెత్తింది.

"మావయ్యా, సూది గుచ్చుకుంటే తీయిస్తాం. మీ అబ్బాయికి తీయించలేదా? వ్యాను నడపటం లేదా? రేపు దీనికి కాళ్ళు రాకపోతే ఏ ఆసుపత్రిలో తెప్పిస్తాం?"

మిషను ఆగిపోయింది. నేను గోడ ఇవతల నా మెట్టు మీద నిలబడి విన్నాను, దొంగచాటుగా విన్నానని ఎవరైనా అంటే అననీ.

మర్నాడు మాస్టారు పెద్ద అయస్కాంతం ఒకటి తాడుకి కట్టి కొట్టంతా ఈడ్చాడు. గుప్పెడు సూదులు వచ్చాయి. కడిగించాడు. సాయంత్రం మళ్ళీ ఈడిస్తే మళ్ళీ వచ్చాయి. ఆ మర్నాడూ అంతే. బండల సందుల్లోంచి పుట్టుకొస్తున్నట్టే ఉన్నాయి. కుట్టుపని జరిగే చోట సూదులు రాలక మానవు, అది ఆయనకి తెలియక కాదు. ఆఖరికి అయస్కాంతం పట్టుకుని నా కొట్టు మెట్టు మీదికొచ్చి కూర్చున్నాడు. మనిషి ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు కనిపించాడు.

"చెల్లెమ్మా, నీ వెనక గదిలో చోటిస్తావా? మిషన్లు ఇక్కడ వేసుకుంటాను."

"నా సరుకంతా ఎక్కడ పెట్టను, నీ నెత్తిన పెట్టనా?"

"పెట్టు" అన్నాడు.

దానికేమంటాం? రెండు రోజులు తిట్టుకుంటూనే డబ్బాలన్నీ గోడవార పేర్చాను. మాస్టారి మిషన్లు, బల్ల, ఇస్త్రీపెట్టె, ఆయన నస, అన్నీ నా కొట్టులోకొచ్చిపడ్డాయి. ఏదో త్యాగం చేశానని దండ వేయించుకోవడం లేదు లెండి. గౌను కుట్టించుకోవడానికొచ్చినవాళ్ళు బొత్తాలు నా దగ్గరే కొంటున్నారు, బేరం పెరిగింది. కాకపోతే పగలంతా ఆ మనిషి "కదలకు, కదలకు" అంటుంటే చెవిలో జోరీగ ఉన్నట్టే.

అటు వాళ్ళ ముందు గది ఖాళీ అయింది. మేస్త్రీని పిలిచి పగుళ్ళన్నీ సిమెంటుతో పూడ్పించి, పైన నున్నగా పూత వేయించారు. అయినా మాస్టారికి నమ్మకం లేదు. ఇంట్లో అడుగుపెట్టే ముందు గుమ్మం బయటే చొక్కా దులుపుకోవాలి, చెప్పులు నా కొట్టులోనే వదలాలి. అది అందరికీ ఆజ్ఞ. తనైతే రోజూ పొద్దున్నే మోకాళ్ళ మీదా అరచేతుల మీదా వంగి, గది ఈ మూల నుంచి ఆ మూల దాకా నేలంతా చేత్తో తడుముకుంటూ తిరిగేవాడు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి. "అమ్మా, అబ్బా" అంటూనే తిరిగేవాడు.

ఇక బొత్తాం సంగతి. నేల మీద దించగానే మొదలుపెట్టిన ఏడుపు వీధి చివరికి వినిపించింది. బోర్లా వేస్తే ఇంకా ఎక్కువ. ఆ ఏడుపు వినగానే మాస్టారు పని వదిలి పరిగెత్తేవాడు. కోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడేది.

"ఆకలేడుపు కాదు మావయ్యా, కోపమేడుపు. మీరు వెళ్ళండి."

"కోపమైతే మాత్రం? ఏడుస్తోందిగా!"

"ఏడవనివ్వండి. దాని పక్కన నేను పడుకుంటాగా."

నిజంగానే ఆ తల్లి కూడా పిల్ల ఎదురుగా బోర్లా పడుకునేది, మొహంలో మొహం పెట్టి. ఓవర్‌లాక్ పని అంతా పిల్ల నిద్రపోయాకే. నాలుగైదు రోజులకి ఏడుపు తగ్గింది. తల ఎత్తే పిల్ల ఛాతీ ఎత్తడం మొదలుపెట్టింది, తర్వాత మోచేతుల మీద నిలబడింది. డాక్టరమ్మ చెప్పినట్టే పట్టు పైనుంచి మెట్టు మెట్టుగా దిగుతోంది. అందరం మెడ దాటింది, భుజాలు దాటింది అని చెప్పుకునేవాళ్ళం, రైలు ఏ స్టేషను దాటిందో చెప్పుకున్నట్టు.

ఒకరోజు పొద్దున మాస్టారు మామూలుగా నేల తడుముతూ తిరుగుతున్నాడు. బొత్తాం చాప మీద బోర్లా ఉంది. నేను కాఫీ గ్లాసుతో గుమ్మంలో ఉన్నాను. అంత పెద్ద మనిషి నాలుగు కాళ్ళ మీద తిరగడం పిల్ల తేరిపార చూసింది. పకపకా నవ్వింది. అరచేతులు నేలకేసి నొక్కి, నడుము పైకి లేపి, ముందుకీ వెనక్కీ ఊగింది. ఆయన ఆగిపోయాడు. పిల్లా ఆగిపోయింది. ఆయన ఒక చెయ్యి ముందుకి వేశాడు. పిల్ల ఒక చెయ్యి వేసింది, వేసి ముక్కు నేలకి కొట్టుకుంది.

ఆ రోజు నుంచి నేల తడమటం రెండు పూటలైంది. పని పాడైపోతోందని నేను అరిస్తే, "సూదులు చూసుకోవద్దా మరి!" అనేవాడు. సూదులట! ఎవరి చెవిలో పువ్వులు పెడతాడు?

కదలడం మొదలైంది గానీ వెనక్కి మొదలైంది. ముందున్న గిన్నె మీద కన్ను వేసి, చేతులతో గట్టిగా నెట్టేది. నెడితే ఒళ్ళు వెనక్కి పోయేది. గిన్నె దూరమైపోతుంటే లబోదిబోమని ఏడుపు. "మీ బొత్తాం రివర్సు గేరులో బయల్దేరింది, నాన్న వ్యాను నడిపితే అంతే" అన్నాను. వాళ్ళ నాన్న కూడా నవ్వాడు. సెలవు దొరికితే అతనూ నేల మీదే. తండ్రీ కూతురూ తాతా ముగ్గురూ పొట్టల మీద పడి ఉంటే ఆ గదిలో కాలు పెట్టే చోటు ఉండేది కాదు.

తర్వాత ముందుకి వచ్చింది. పొట్ట మీద ఈడ్చుకుంటూ, మోచేతులతో లాక్కుంటూ. మేమంతా చప్పట్లు కొడుతుంటే కోడలు మాత్రం పిల్ల కాళ్ళకేసి చూస్తూ కూర్చుంది.

"ఏమైందమ్మాయ్?"

"ఎడంకాలు చూడండి పిన్నీ. కుడికాలితో తన్నుకుంటోంది. ఎడంకాలు ఊరికే వెనకాల వస్తోంది."

చూశాను. నిజమే. కుడి మోకాలు మడుచుకుని తోస్తోంది, ఎడంకాలు చాపినట్టే ఉండి పక్కకి ఒరిగి ఈడ్చుకొస్తోంది. రెండు కాళ్ళూ సమానంగా అని డాక్టరమ్మ గట్టిగా చెప్పిన మాట అందరికీ గుర్తుంది.

మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ నేల మీద కూర్చుని చూసింది. "కొత్తలో కొందరు ఇలా చేస్తారు, బలమున్న కాలిని ముందు వాడుకుంటారు. గడువు దాకా చూద్దాం. అప్పటికీ ఈడుస్తూనే ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యను, పరీక్షలకి పంపిస్తాను" అంది. ఉన్న మాటే చెప్పింది గానీ ఆ మాటతో ఇంట్లో అందరికీ నిద్ర కరువైంది.

ఆ తర్వాతి రోజులు చెడ్డవి. బొత్తాం పొట్ట ఎత్తి దోగాడటం మొదలుపెట్టింది, సంతోషించాలి కదా? ఒక్కళ్ళూ సంతోషంగా చూడలేకపోయారు. తల్లి ఎడంకాలు ఈడుస్తోందంటుంది, తండ్రి లేదంటాడు. నన్నడిగితే ఒకసారి ఈడ్చినట్టే ఉంది, ఒకసారి లేనట్టే ఉంది. భయం పెట్టుకుని చూస్తే కళ్ళు ఏదైనా చూపిస్తాయి. మాస్టారైతే అసలు చూడటమే మానేశాడు. పొద్దున్నే నేల తడిమి, పిల్ల లేచేలోపు నా కొట్టుకొచ్చేసేవాడు.

"నావల్లే చెల్లెమ్మా" అన్నాడు ఒక మధ్యాహ్నం, పైజామా కాలు మడుస్తూ. "సూదికి భయపడి దాని కాలు తీసేశాను."

"నీ మొహం. దానికేం కాదు" అని కసిరాను. కసరడం తప్ప ఏం చెయ్యాలో తోచలేదు. కాస్త ఆగి వెనక్కి తిరిగి చూస్తే ఆయన ఆ గుడ్డతోనే కళ్ళు తుడుచుకుంటున్నాడు.

డాక్టరమ్మ పెట్టిన గడువు రేపనగా ఆ రోజు నా వంట మాడిపోయింది. సిగ్గు విడిచి మాస్టారి వెంట వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. ఆయన గుమ్మం బయట చొక్కా దులుపుకుని, అరికాళ్ళు తుడుచుకుని లోపలికొచ్చాడు. బొత్తాం చాప మీద మూతతో నేలని బాదుతోంది. కోడలు ఆరిన బట్టలు మడత పెడుతూ ఒక చిన్న పైజామా తీసి ఆయన ఒళ్ళో వేసింది.

"మావయ్యా, దీనికి అతుకు వెయ్యండి. మోకాలు పోయింది."

ఆయన అలవాటు కొద్దీ చిరుగులో వేలు దూర్చి చూశాడు. కుడి మోకాలు. ఎడమవైపు తిప్పాడు. అక్కడా వేలు దూరింది. లేచి వెళ్ళి గుమ్మం తలుపు బార్లా తీసి, పైజామాని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. మేమిద్దరం వెనకాల నిలబడ్డాం. రెండు మోకాళ్ళ దగ్గరా గుడ్డ పోగులు పోగులుగా అరిగిపోయింది.

"ఇది మొన్న నేను కుట్టిన కొత్తదేనా?"

"కొత్తదే."

"పాతది ఏదీ? పొట్ట మీద పాకినప్పటిది?"

కోడలు బట్టల్లోంచి వెతికి ఇచ్చింది. ఆయన రెండూ పక్కపక్కన పెట్టాడు. పాతదానికి కుడి మోకాలు ఒక్కటే అరిగింది, ఎడమవైపు మోకాలు బాగానే ఉంది, పిక్క పక్కన ఈడ్చిన చోట అరిగింది. కొత్తదానికి పిక్క దగ్గర గుడ్డ చెక్కుచెదరలేదు. మోకాళ్ళు రెండూ ఒక్కలాగే అరిగాయి. ఆయన మెడలో టేపు తీసి కొలిచాడు కూడా.

"మన కళ్ళు అబద్ధం చెబుతాయేమో గానీ గుడ్డకి భయం లేదమ్మాయ్. రెండు కాళ్ళ మీదా సమానంగా బరువేస్తోంది. చూడు. నువ్వే చూడు."

కోడలు పైజామా తీసుకుని మొహానికి అదుముకుని భోరుమంది. మాస్టారు గోడకి ఆనుకుని ఏడ్చాడు. "ఛ, ఏమిటిది చిన్నపిల్లల్లా" అని నేను గద్దించబోయి నేనూ ఏడ్చాను. ఒక చిరిగిన పైజామా చుట్టూ ముగ్గురం చేరి ఏడుస్తుంటే దారిన పోయేవాళ్ళు ఏమనుకున్నారో ఏమో.

ముందుగా తేరుకున్నది కోడలు.

"బొత్తాం ఏదీ?"

చాప మీద మూత ఉంది. పిల్ల లేదు. గుమ్మం తలుపు బార్లా తీసి ఉంది.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం సామెతలో విన్నాం గానీ, చంకలో పిల్ల లేక వెతకడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. పుట్టిన దగ్గర్నుంచీ ఆ పిల్లని ఎక్కడ పెడితే అక్కడే ఉండేది. ఎక్కడుందని అడగాల్సిన పని ఎవరికీ పడలేదు. మాస్టారు ఉత్తకాళ్ళతో వీధిలోకి పరిగెత్తి "మా బొత్తాన్ని చూశారా, మా బొత్తాన్ని చూశారా" అని ఇస్త్రీబండి దాకా వెళ్ళిపోయాడు. నేను చాప ఎత్తి చూశాను, చాప కింద పిల్ల ఎలా ఉంటుందో నన్నడక్కండి.

"రండి" అని వెనక గదిలోంచి కోడలు గొంతు వినిపించింది. మెల్లగా పిలిచింది.

మాస్టారు రొప్పుతూ వచ్చాడు. వెళ్ళి చూశాం. మంచం పక్కన మాకు వీపు పెట్టి బొత్తాం నిలబడి ఉంది. ఎవరూ నిలబెట్టలేదు. ఒక చేత్తో మంచం పట్టె పట్టుకుని, రెండో చేత్తో దుప్పటి చెంగు లాగుతోంది. మడమలు కాస్త పైకి లేచి ఉన్నాయి, మోకాళ్ళు గజగజమంటున్నాయి, పైజామా సగం జారిపోయి ఉంది. రెండు కాళ్ళూ నేల మీదే ఉన్నాయి.

కోడలు చేతులు వాటంతట అవే ముందుకి వెళ్ళాయి. మాస్టారు ఆమెని ఆపాడు.

"ఎత్తకమ్మా" అన్నాడు.

మా అలికిడికి బొత్తాం వెనక్కి తిరగబోయి, చెయ్యి జారి, చతికిలబడింది. దబ్బుమని చప్పుడైంది. కింది పెదవి ముందుకొచ్చింది. ఏడవాలా వద్దా అని మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. మాస్టారు ఉన్నచోటే కింద కూర్చున్నాడు, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని.

"ఏం కాలేదు తల్లీ. నేలే కదా" అన్నాడు.

బొత్తాం ఆయన్ని ఒక్క క్షణం చూసి, పెదవి సర్దుకుని, అటు తిరిగి మళ్ళీ మంచం పట్టె పట్టుకుంది.